హోమ్‌కు తాళం వేస్తే శిక్ష పడినట్టేనా?

'అనుమతి లేకుండా నడుస్తున్న హోమ్ సీజ్' అనే వార్త పేపర్లో కనిపిస్తే నా కళ్లు రెండు సంగతుల కోసం వెతుకుతాయి. లోపలున్నవాళ్లను ఎక్కడికి పంపారు? నడిపినాయన మీద ఏ సెక్షన్ కింద కేసు కట్టారు? మొదటిదానికి సాధారణంగా ఒక వాక్యం దొరుకుతుంది, 'వేరే హోమ్‌కు తరలించారు' అని. రెండోదాని ఊసే ఉండదు. ఆ తర్వాత కొన్నాళ్లకు అదే మనిషి, భార్య పేరో బావమరిది పేరో ముందు పెట్టి, పక్క మండలంలో కొత్త బోర్డు కడతాడు. తాళం పడింది బిల్డింగుకి. దెబ్బ తగిలింది లోపలున్న పిల్లలకి, ముసలివాళ్లకి.

నేను మా జిల్లా బాలల సంక్షేమ సమితిలో ఒక పదవీకాలం సభ్యురాలిగా పనిచేశాను. అంతకుముందు నుంచీ న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్‌ని, ఇప్పటికీ అదే పని. లాయర్‌ని కాను. అయితే చట్టం పుస్తకం చేతిలో పట్టుకుని హోమ్‌ల గేట్ల ముందు చాలాసార్లు నిలబడ్డాను. మన చట్టాల్లో శిక్షలు లేక ఈ పరిస్థితి రాలేదు. ఉన్న శిక్షను నడిపినవాడి దాకా తీసుకెళ్లే మనిషి లేక వచ్చింది. ఆ దారి ఎక్కడెక్కడ తెగిపోతోందో చెప్పాలనే ఈ పోస్టు.

ముందుగా గోడ మీది ఫ్రేముల సంగతి. ఏ హోమ్‌కి వెళ్లినా ఆఫీసు గదిలో గోడ నిండా సర్టిఫికెట్లు ఉంటాయి. సొసైటీల రిజిస్ట్రార్ ఇచ్చింది ఒకటి, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చిన 12ఏ, 80జీ కాగితాలు, నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్ నంబరు, ప్రజాప్రతినిధులతో దిగిన ఫోటోలు. 'అన్ని పర్మిషన్లూ ఉన్నాయి మేడమ్' అని నిర్వాహకులు చూపించేది వీటినే. పాపం, విరాళం ఇవ్వడానికి వచ్చినవాళ్లు కూడా ఇవి చూసే నమ్ముతారు. సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే కొంతమంది కలిసి ఒక సంఘం పెట్టుకున్నారని మాత్రమే. 80జీ అంటే విరాళం ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు వస్తుందని. వీటిలో ఏ ఒక్కటీ పిల్లల్ని రాత్రిపూట తమ కప్పు కింద ఉంచుకునే హక్కు ఇవ్వదు. దానికి కావలసింది జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 41వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్. 2016 నాటి నమూనా నిబంధనల ప్రకారం దరఖాస్తు ఫారం 27లో పెట్టాలి, సర్టిఫికెట్ ఫారం 28లో వస్తుంది. గోడ మీద వెతకాల్సింది ఆ ఫారం 28ని, దాని మీది తేదీని. ఎందుకంటే అది అయిదేళ్లకే, తర్వాత రెన్యూవల్ చేయించుకోవాలి.

ప్రభుత్వ గ్రాంటు తీసుకుంటున్నారా లేదా అన్నదానితో ఈ సెక్షన్‌కి పని లేదు. 'మేం ప్రభుత్వం దగ్గర రూపాయి తీసుకోవడం లేదు, మాకెందుకు రిజిస్ట్రేషన్?' అని నాతో వాదించినవాళ్లున్నారు. సంరక్షణ అవసరమైన పిల్లల్ని పూర్తిగా గానీ కొంతమేర గానీ ఉంచుకునే ఏ సంస్థ అయినా దీని కిందకే వస్తుంది. బోర్డు మీద 'హాస్టల్' అని రాసుకున్నా, 'సేవాశ్రమం' అని రాసుకున్నా, లోపల ఎవరున్నారన్నదే లెక్క.

రిజిస్ట్రేషన్ చేయించకపోతే 42వ సెక్షన్. హోమ్ బాధ్యుడికి ఏడాది వరకూ జైలు, లేదా లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ. దాని కింద ఉన్న చిన్న మినహాయింపు వాక్యంలోనే అసలు బలం ఉంది: దరఖాస్తు పెట్టడంలో ప్రతి 30 రోజుల ఆలస్యాన్నీ వేరే నేరంగా లెక్కించాలి. అంటే ఏడాదిపాటు దరఖాస్తే పెట్టకుండా పిల్లల్ని ఉంచుకున్నవాడు పన్నెండు నేరాలు చేసినట్టు. చట్టం రాసినవాళ్లు ఈ విషయంలో చాలా గట్టిగానే ఆలోచించారు. అయినా దరఖాస్తే లేకుండా ఏళ్ల తరబడి నడిచిన హోమ్‌లు నా కళ్లతో చూశాను. అనుమతి లేని హోమ్‌లకు కొదవ లేదని సుప్రీంకోర్టుకూ తెలుసు. 2017 మే నెలలో, తమిళనాడు అనాథాశ్రమాల్లో పిల్లల దోపిడీ మీద వచ్చిన కేసులో, దేశంలోని బాలల సంరక్షణ సంస్థలన్నిటి రిజిస్ట్రేషన్ ఆ ఏడాది డిసెంబరు 31 లోగా పూర్తి కావాల్సిందేనని గడువు పెట్టింది. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ దేశమంతటా చేయించిన సర్వేలో లెక్కకు వచ్చిన సంస్థలు 9,589.

మరి 42వ సెక్షన్ ఎందుకు కదలదు? నేను పోలీస్ స్టేషన్‌లో చూసింది చెబుతాను. ఒకావిడ కూతురి పుట్టినరోజుకి ఒక హోమ్‌లో భోజనాలు పెట్టించి, అక్కడి తీరు చూసి మనసు పాడై, అనుమతి లేదని తెలుసుకుని ఫిర్యాదు రాసుకొచ్చారు. వాలంటీర్‌గా నేను తోడు వెళ్లాను. ఎస్ఐ గారు కాగితం అంతా ఓపిగ్గా చదివారు. "మేడమ్, మీరు రాసినదాంట్లో నాకు కనిపించే నేరం రిజిస్ట్రేషన్ లేకపోవడం ఒక్కటే. అది నాన్ కాగ్నిజబుల్. కోర్టు ఆర్డర్ లేకుండా నేను ఎఫ్ఐఆర్ కట్టలేను" అన్నారు. ఆయన తప్పించుకోవడానికి చెప్పిన మాట కాదది, చట్టం అలాగే ఉంది. ఇదే జువెనైల్ జస్టిస్ చట్టం 86వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల కన్నా తక్కువ శిక్ష ఉన్న నేరాలు నాన్ కాగ్నిజబుల్, పైగా బెయిలబుల్. మేజిస్ట్రేట్ ఆదేశం లేనిదే పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టడానికి వీల్లేదని పాత సీఆర్‌పీసీ 155లో ఉండేది, ఇప్పుడు భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 174లో ఉంది.

అంటే ఎవరో ఒకరు కోర్టుకు వెళ్లి కంప్లైంట్ వెయ్యాలి. ఎవరు? జిల్లా బాలల పరిరక్షణ విభాగం అధికారికి ఆ పని చెయ్యగల ఆధారాలన్నీ ఉంటాయి. ఆయనకి అదే సమయంలో దత్తత ఫైళ్లు, బాల్యవివాహాల ఫోన్లు, స్పాన్సర్‌షిప్ జాబితాలు, కలెక్టర్ గారి రివ్యూ మీటింగులు. కోర్టులో కేసు వేస్తే ప్రతి వాయిదాకీ సాక్షిగా తనే తిరగాలి. హోమ్‌ని మూయిస్తే ఫైలు అక్కడితో ముగుస్తుంది. మనిషి దేన్ని ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. నాకు ఆ అధికారుల మీద కోపం లేదు. కానీ ఈ పనికి ప్రత్యేకంగా ఒక మనిషిని, ఒక ప్రభుత్వ న్యాయవాదిని పెట్టకుండా 42వ సెక్షన్‌ని పుస్తకంలో ఉంచడం వల్ల ఎవరికీ భయం పుట్టదు.

ఆ రోజు స్టేషన్ బయట బెంచీ మీద కూర్చుని ఆవిడని అడిగాను, "అమ్మా, అనుమతి సంగతి పక్కన పెట్టి, మీరు లోపల ఏం చూశారో చెప్పండి" అని. ఆవిడ గుర్తు చేసుకుని ఒక్కొక్కటే చెప్పారు. ఆడపిల్లలు పడుకునే గది తలుపుకి గడియ బయటివైపు ఉంది. లోపలివైపు గడియ ఊడదీసిన చోట స్క్రూల రంధ్రాలు కనిపిస్తున్నాయి. రాత్రి ఎనిమిదికి బయటి గడియ పెడితే పొద్దున అయిదుకి తీస్తారని ఒక పిల్ల చెప్పింది. గది మూలన మూత లేని బకెట్టు. ఇవన్నీ ఆ పిల్ల ఆవిడతో మామూలుగా చెప్పుకుంటూ పోయిందట, అది తప్పని కూడా తెలియకుండా.

ఇది అక్రమ నిర్బంధం. భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద ఏడాది వరకూ జైలు, అయిదు వేల వరకూ జరిమానా. శిక్ష చూస్తే 42 కన్నా పెద్దదేం కాదు. కానీ ఇది కాగ్నిజబుల్, అంటే కోర్టు ఆర్డర్ లేకుండానే పోలీసులు కేసు కట్టగల నేరం. ఒకే వ్యవహారంలో కాగ్నిజబుల్ నేరం ఒక్కటున్నా మొత్తం కేసుని కాగ్నిజబుల్‌గానే చూడాలని ఇందాక చెప్పిన నాగరిక్ సురక్షా సంహిత 174వ సెక్షన్‌లోనే రాసి ఉంది. ఫిర్యాదు మళ్లీ రాశాం. ఈసారి మొదటి పేరాలో గడియ, రెండో పేరాలో బకెట్టు, ఆఖర్న రిజిస్ట్రేషన్ లేకపోవడం. అదే ఎస్ఐ గారు ఎఫ్ఐఆర్ కట్టారు.

ఇక్కడ ఇంకో విషయం చెప్పకపోతే నా మనసొప్పదు. పిల్లల మీద క్రూరత్వానికి జువెనైల్ జస్టిస్ చట్టంలో 75వ సెక్షన్ ఉంది. అదే పని పిల్లల్ని చూసుకోవలసిన సంస్థలోని సిబ్బందో నిర్వాహకులో చేస్తే అయిదేళ్ల వరకూ కఠిన కారాగారం, అయిదు లక్షల వరకూ జరిమానా. ఒకప్పుడు ఇది కాగ్నిజబుల్. 2021లో చేసిన సవరణ, 2022 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది, మూడేళ్ల నుంచి ఏడేళ్ల వరకూ శిక్ష ఉన్న నేరాలన్నిటినీ నాన్ కాగ్నిజబుల్ చేసేసింది. నాలుగు గోడల మధ్య దెబ్బలు తిన్న పిల్లవాడి తరఫున కోర్టు గుమ్మం ఎవరు ఎక్కుతారని అనుకున్నారో నాకు అర్థం కాలేదు. ఆ సవరణని మార్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. అంతవరకూ ఫిర్యాదులో తీవ్రంగా గాయపరచడం, నిర్బంధించడం, లైంగిక వేధింపు ఉంటే పోక్సో, ఇలా పోలీసులు నేరుగా తీసుకోగల ప్రతి నేరాన్నీ విడివిడిగా, జరిగింది జరిగినట్టు రాయాలి.

రిజిస్ట్రేషన్ ఉంటే అంతా బాగున్నట్టేనా అంటే, ముజఫర్‌పూర్ గుర్తు చేసుకోండి. బీహార్‌లోని ఆ బాలికల ఆశ్రమం గుర్తింపు లేనిది కాదు. ప్రభుత్వ నిధులతో నడిచింది. అధికారులు వచ్చి చూసి వెళుతూనే ఉన్నారు. అక్కడ ఆడపిల్లల మీద ఏళ్ల తరబడి జరిగిన అత్యాచారాలు ఆ తనిఖీల్లో బయటికి రాలేదు. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ బృందం సోషల్ ఆడిట్ చేస్తూ పిల్లలతో మాట్లాడినప్పుడు బయటపడ్డాయి, 2018లో. విచారణను సుప్రీంకోర్టు ఢిల్లీకి మార్చింది. 2020 జనవరిలో సాకేత్ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది, ఆ తర్వాతి నెలలో శిక్షలు వేసింది.

జువెనైల్ జస్టిస్ చట్టం 54వ సెక్షన్ ప్రకారం తనిఖీ కమిటీ మూడు నెలలకు ఒక్కసారైనా ప్రతి హోమ్‌కీ వెళ్లాలి. ముగ్గురికి తగ్గకూడదు, అందులో ఒక మహిళ, ఒక వైద్యాధికారి తప్పనిసరి. వారంలోగా రిపోర్టు ఇవ్వాలి. 2021 సవరణ తర్వాత ఆ రిపోర్టు జిల్లా కలెక్టర్‌కే వెళుతుంది, నెలలోగా చర్య తీసుకునే బాధ్యత కలెక్టర్‌దే. ఇది మంచి మార్పు. బాలల సంక్షేమ సమితి కూడా నెలకు రెండుసార్లయినా హోమ్‌లను చూడాలని చట్టంలో ఉంది. వెళ్లడం ఒక ఎత్తు, చూడడం ఒక ఎత్తు. తేదీ ముందే తెలిసిపోయిన హోమ్‌లో దుప్పట్ల మీద మడతలు చెక్కుచెదరకుండా ఉంటాయి. ఒకచోట తలగడ గలీబుల మీద షాపు స్టిక్కర్లు ఇంకా అలాగే ఉన్నాయి. పిల్లల్ని 'ఎలా ఉందమ్మా ఇక్కడ?' అని అడిగితే అందరూ ఒకే వాక్యం, ఒకే రాగంలో చెప్పారు. నేను అలాంటప్పుడు వాళ్లని ఏమీ అడగకుండా మందుల బీరువా దగ్గరికి పోతాను. ప్రతి పిల్లకీ విడిగా మందుల కవర్, దాని మీద పేరు, డాక్టర్ చీటీ ఉండాలి. ఒకే ప్లాస్టిక్ డబ్బాలో ఏ పేరూ లేకుండా మాత్రల స్ట్రిప్పులు గుట్టగా పోసి ఉంటే, ఎవరికి ఏ మందు ఎందుకు వేస్తున్నారో ఆ హోమ్‌లో ఎవరికీ తెలియదన్నమాట. ఆ తర్వాత అడ్మిషన్ రిజిస్టర్. దొరికిన పిల్లల్ని ఇరవై నాలుగు గంటల్లో సమితి ముందు హాజరుపరచాలి. ఆ ఆర్డర్ నంబరు రాయాల్సిన గడి పేజీలకు పేజీలు ఖాళీగా ఉంటే ఇంకేం చెప్పాలి?

ఇప్పుడు నన్ను ఎక్కువగా బాధపెట్టే సంగతికి వస్తాను, మూసివేత. ఒక హోమ్‌ని మూయించాలని ఆర్డర్ వచ్చిన రోజు నేను అక్కడ ఉన్నాను. పిల్లల్ని వేరే హోమ్‌లకు పంపడానికి వ్యాన్లు వచ్చాయి. అన్న ఒక వ్యాన్ ఎక్కాలి, చెల్లెలు ఇంకో వ్యాన్, ఎందుకంటే మగపిల్లల హోమ్ వేరు, ఆడపిల్లల హోమ్ వేరు. పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి రేకు పెట్టె మీద కూర్చుని కదలనంది. "అమ్మా, పరీక్ష ఫీజు ఈ స్కూల్లో కట్టాను. నా హాల్‌టికెట్ ఎక్కడికి వస్తుంది?" అని అడిగింది. ఆ హాల్‌టికెట్ కోసం రెండు జిల్లాల విద్యాశాఖ ఆఫీసుల చుట్టూ తిరిగాం, చివరికి పరీక్ష రాసింది. అడిగే పిల్ల కాబట్టి మాకు తెలిసింది. అడగని పిల్లల చదువులు ఎన్ని అక్కడితో ఆగిపోయాయో! ఆ రోజు నిర్వాహకుడు గేటు పక్కన నిలబడి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. ఆయన మీద ఏ కేసూ లేదు.

చట్టంలో దీనికి దారి ఉంది. 41వ సెక్షన్ ఏడో సబ్ సెక్షన్ చదవండి. పునరావాస సేవలు అందించని సంస్థ రిజిస్ట్రేషన్‌ని ప్రభుత్వం రద్దు చెయ్యొచ్చు, ఆపి ఉంచొచ్చు. రిజిస్ట్రేషన్ మళ్లీ వచ్చేదాకా ఆ సంస్థని ప్రభుత్వమే నిర్వహించాలి. అంటే నిర్వాహకుణ్ని బయటికి పంపి, పిల్లల్ని వాళ్ల మంచాల మీదే, వాళ్ల స్కూళ్లలోనే ఉంచవచ్చు. ఒక సూపరింటెండెంట్‌ని, ఒక వంటమనిషిని, రాత్రికి ఒక ఆయాని పంపిస్తే విద్యా సంవత్సరం అయ్యేదాకా గడుస్తుంది. భవనం కూలిపోయేలా ఉన్నా, పిల్లలకి అక్కడ ప్రాణభయం ఉన్నా వెంటనే ఖాళీ చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు. అలా కానిచోట్ల కూడా వ్యాన్లే ఎందుకు వస్తున్నాయి? నా పదవీకాలంలో ఈ ఏడో సబ్ సెక్షన్‌ని ఎవరూ వాడగా చూడలేదు.

ఇంతకీ నోటీసు అందగానే పరుగున వెళ్లి ఫారం 27 పెట్టేవాళ్ల సంగతి కూడా చెప్పాలి. దరఖాస్తు అందిన నెలలోగా తాత్కాలిక రిజిస్ట్రేషన్ ఇవ్వాలి. ఇవ్వకపోతే దరఖాస్తు ముట్టినట్టు ఇచ్చిన రసీదే ఆర్నెల్ల వరకూ తాత్కాలిక రిజిస్ట్రేషన్‌గా చెల్లుతుంది. ఆఫీసుల జాప్యానికి మంచి హోమ్‌లు బలి కాకూడదని పెట్టిన నిబంధన ఇది, అవసరమైనదే. ఆర్నెల్లలో ఫైలు తేల్చకపోతే ఆ అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని కూడా ఉంది. కానీ దరఖాస్తు ఈరోజు పెట్టినంత మాత్రాన నిన్నటి దాకా జరిగిన ఆలస్యం మాసిపోదు. 42వ సెక్షన్ నేరం అప్పటికే జరిగిపోయింది. ఈ మాట ఆఫీసుల్లో చాలామందికి మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

పిల్లల హోమ్‌లు కాకుండా మిగతావాటి దగ్గర శిక్షలు ఇంకా పలుచబడతాయి. మానసిక రోగులను ఉంచే కేంద్రాలు చూడండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక మానసిక రోగుల ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్నవాళ్లు లేవలేక 28 మంది చనిపోయారు. ఆ ఘటన తర్వాతే ఇలాంటి కేంద్రాల మీద దేశమంతటా చూపు పడింది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. గొలుసులు వెయ్యడాన్ని 95వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. రిజిస్ట్రేషన్ లేకుండా కేంద్రం నడిపితే 107వ సెక్షన్ కింద మొదటిసారి అయిదు వేల నుంచి యాభై వేలు, రెండోసారి యాభై వేల నుంచి రెండు లక్షలు, ఆపైన ప్రతిసారీ రెండు నుంచి అయిదు లక్షలు. జైలు లేదు. చట్టంలోని నిబంధనల్ని ఉల్లంఘిస్తే 108 కింద మొదటిసారి ఆర్నెల్ల వరకూ జైలుందిగానీ, అదీ పదివేల జరిమానాతో సరిపోవచ్చు.

మద్యం, మత్తుమందుల అలవాటు మాన్పించే డీ అడిక్షన్ సెంటర్లు దీని కిందకి రావని చాలామంది అనుకుంటారు. వస్తాయి. మానసిక అనారోగ్యం నిర్వచనంలోనే మద్యం, మత్తుపదార్థాల వాడకం వల్ల వచ్చే స్థితుల్ని చేర్చారు. నాకు ఈమధ్య వస్తున్న ఫోన్లలో సగం వీటి గురించే. భర్తని చేర్పించిన భార్యకి నెలదాకా చూడనివ్వరు, ఫోన్ ఇవ్వరు. అడిగితే 'ట్రీట్‌మెంట్‌లో భాగం' అంటారు. అలాంటి ఒక సెంటర్ ఒక్కో మనిషికి నెలకు తీసుకునే డబ్బు, మొదటి తప్పుకి చట్టం వేసే కనీస జరిమానాకి ఎన్నో రెట్లు. ఆ జరిమానా వాళ్లకి ఖర్చుల పుస్తకంలో ఒక పద్దు అయిపోతుంది. నా దృష్టిలో ఈ చట్టంలో అన్నిటికన్నా ముందు మార్చాల్సింది 107వ సెక్షనే. వికలాంగుల కోసం నడిపే సంస్థలకి 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో 50వ సెక్షన్ కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి. తప్పితే మొదటిసారి పదివేల వరకూ జరిమానా, తర్వాత యాభై వేల నుంచి అయిదు లక్షలు. ఇక్కడా అదే లోపం.

వృద్ధాశ్రమాల దగ్గరికొస్తే కేంద్ర చట్టంలో అసలు లైసెన్సే లేదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకి ఒకటైనా, కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటుండేలా ఆశ్రమాలు రాష్ట్ర ప్రభుత్వాలు పెట్టొచ్చని అందులో ఉంది. ప్రైవేటు వృద్ధాశ్రమం ఎవరు పెట్టాలి, ఎవరు చూడాలి అన్నదానికి రిజిస్ట్రేషన్ ఏర్పాటు లేదు. ఆ లోటు తీర్చడానికి 2019 డిసెంబరులో లోక్‌సభలో సవరణ బిల్లు పెట్టారు. స్థాయీ సంఘానికి వెళ్లింది, తిరిగొచ్చింది, 2024లో ఆ సభ ముగియడంతో బిల్లూ మురిగిపోయింది. కొన్ని రాష్ట్రాలు సొంతంగా నిబంధనలు రాసుకున్నాయి. కానీ పార్లమెంటు చెయ్యాల్సిన పని ఇంకా అలాగే ఉంది. ప్రతినెలా ఫీజు కట్టి తల్లినో తండ్రినో అప్పగించే కుటుంబాలు పెరుగుతున్న కాలంలో, ఒక హోటల్ పెట్టడానికి ఉన్నన్ని అనుమతులు కూడా మంచాన పడ్డ మనుషుల్ని ఉంచుకునే ఇంటికి లేకపోవడం నాకు నిద్ర పట్టనివ్వని విషయం.

అందుకని వృద్ధాశ్రమం మీద ఫిర్యాదు చెయ్యాలంటే చుట్టూ ఉన్న చట్టాలనే వాడుకోవాలి. డబ్బు తీసుకున్నారు కాబట్టి అది సేవ. సేవలో లోపానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు. చెల్లించిన మొత్తం అయిదు లక్షలు దాటకపోతే ఫీజు కూడా లేదు. నిస్సహాయుడైన మనిషిని చూసుకుంటామని చట్టబద్ధంగా ఒప్పుకుని చూసుకోకపోవడం కూడా నేరమే, భారతీయ న్యాయ సంహిత 357వ సెక్షన్. మూడు నెలల వరకూ జైలు, అయిదు వేల వరకూ జరిమానా. చిన్న శిక్షే, అదీ నాన్ కాగ్నిజబులే. అయినా ఒప్పంద పత్రం చేతిలో ఉండి, వీపు మీద పుళ్లు పడ్డ ఫోటో ఉంటే, ఈ సెక్షన్ పేరు చెప్పి రాసిన లీగల్ నోటీసుకి నిర్వాహకులు దిగొచ్చిన సందర్భం నాకు తెలుసు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106వ సెక్షన్ ఉంది, అయిదేళ్ల వరకూ.

మీకు ఏదైనా హోమ్ మీద అనుమానం ఉంటే చెయ్యాల్సిన పని ఇది. పిల్లలైతే 1098కి, వృద్ధులైతే 14567కి, ప్రాణాపాయం ఉంటే 112కి ఫోన్ చెయ్యండి. ఫోన్‌తో ఆగిపోకండి. కలెక్టర్ గారికి రాతపూర్వకంగా ఇవ్వండి, ఒక కాపీ బాలల సంక్షేమ సమితికి, ఒకటి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి. మానసిక ఆరోగ్య కేంద్రమైతే రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థకి. చూసింది చూసినట్టు రాయండి: తలుపు ఎటువైపు మూస్తారు, ఎంతమంది ఎన్ని మంచాల మీద ఉన్నారు, మందులు ఎవరు ఇస్తున్నారు, రాత్రి ఎవరుంటారు. ఆ తర్వాత సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు పెట్టండి. ఫలానా హోమ్ ఫారం 28 నంబరు, తేదీ ఏమిటి? తనిఖీ కమిటీ చివరిసారి ఎప్పుడు వెళ్లింది, రిపోర్టు కాపీ ఇవ్వండి. ఈ జిల్లాలో 42వ సెక్షన్ కింద ఇప్పటిదాకా కోర్టులో ఎన్ని ఫిర్యాదులు దాఖలు చేశారు? పది రూపాయల ఫీజు, ముప్పై రోజుల గడువు. మూడో ప్రశ్న అడిగేవాళ్లు పెరిగితే ఆఫీసుల్లో ఆ ఫైలు తెరుస్తారు.

విరాళాలు ఇచ్చేవాళ్లకి ఒక మాట. బియ్యం బస్తా ఇచ్చేముందు ఫారం 28 చూపించమని అడగండి. ఇలా అడిగితే వాళ్ల సేవని అవమానించినట్టవుతుందేమోనని మొహమాటపడకండి. సరిగ్గా నడిపేవాళ్లు సంతోషంగా చూపిస్తారు, చాలా మంచి హోమ్‌లు ఉన్నాయి, వాటిని నడిపేవాళ్లు ఈ నకిలీల వల్ల రోజూ మాటలు పడుతున్నారు.

ఫిర్యాదులో ఆఖరి పేరా ఇలా రాయమని నేను అందరికీ చెబుతున్నాను: 'బాధ్యుల మీద జువెనైల్ జస్టిస్ చట్టం 42వ సెక్షన్ కింద కోర్టులో ఫిర్యాదు దాఖలు చెయ్యాలని, పిల్లల చదువుకి భంగం కలగకుండా 41వ సెక్షన్ ఏడో సబ్ సెక్షన్ కింద ప్రభుత్వమే ఈ సంస్థను నిర్వహించాలని, అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లని విడదీయవద్దని కోరుతున్నాను.' మీ దగ్గర ఉంచుకునే కాపీ మీద ఇన్‌వర్డ్ నంబరు, తేదీతో స్టాంపు వేయించుకోండి. రేపు హైకోర్టుకి వెళ్లాల్సి వస్తే లాయర్ మొదట అడిగేది ఆ కాగితమే.